రక్తనిధిలో ఎస్తేరు పెట్టిన పరీక్ష

తెలంగాణ ఏర్పడిన మూడో ఏట నన్ను నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌కు సిస్టమ్ అనలిస్టుగా బదిలీ చేశారు. ఆ జిల్లాలోని ఒక సర్కారు దవాఖాన రక్తనిధిలో నత్తనడక నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను పరుగెత్తించడం నాకు అప్పగించిన మొదటి పని.

దాని అడుగున ఉన్న పాత డేటాబేస్ ప్రతి నమోదునూ డిస్కు మీద రాసి, రాసినట్టు తేలాకే ‘సేవ్ అయింది’ అనేది. అంతసేపూ టెక్నీషియన్ కుర్మయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. నేను దాన్ని తీసేసి కొత్తది పెట్టాను. అది వివరాలను మెమరీలో ఉంచుకుని, ముందే ‘సేవ్ అయింది’ అని చెప్పేసి, తర్వాత తీరిగ్గా డిస్కుకు ఎక్కిస్తుంది. కుర్మయ్య, “గిప్పుడు పానం నిమ్మలమైంది సార్” అన్నాడు. నేను పొంగిపోయాను, దాచడమెందుకు.

ఎస్తేరు ఒప్పుకోలేదు. మక్తల్ దగ్గరి కూలీల ఇంటి పిల్ల, నా కింద కాంట్రాక్టు ప్రోగ్రామర్. ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం అప్పటికి నా సంతకం కోసం నా బల్ల మీదే ఉంది. అయినా అందరి ముందే అడిగింది: “గీడ కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు సార్. ఒక్కసారి ప్లగ్గు పీకి చూద్దామా?”

నాకు చిర్రెత్తింది. యూపీఎస్ ఉంది కదా అన్నాను. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిందని కుర్మయ్య నెమ్మదిగా చెప్పాడు.

ఉత్తుత్తి నంబరుతో ఒక రక్తపు సంచిని ముందు ‘ఎక్కించవచ్చు’ జాబితాలో చేర్చి, ఆ నమోదు డిస్కు మీద పడేదాకా ఆగాం. మలి పరీక్షలో ఇన్‌ఫెక్షన్ బయటపడినట్టుగా దాన్ని ‘ఎక్కించరాదు’ అని కుర్మయ్య మార్చాడు. తెర ‘సేవ్ అయింది’ అంది. ఆ వెంటనే ఎస్తేరు ప్లగ్గు పీకింది. మళ్ళీ ఆన్ చేస్తే ఆ సంచి ‘ఎక్కించవచ్చు’ జాబితాలోనే ఉంది.

కుర్మయ్య ముఖం పాలిపోయింది. “నిజం సంచైతే నా చేత్తోనే తీసి ఇస్తుంటి గద సార్” అన్నాడు.

ఎస్తేరు అప్పటికే దీన్ని సరిచేసే దారి కాగితం మీద గీసుకుని ఉంది. మూడు రోజుల్లో సరిచేసింది. సంచుల్ని వెతకడం కొత్త వేగంతోనే సాగింది, నమోదు మాత్రం పాత నిదానానికే వెళ్ళింది. కుర్మయ్య ఇక ఎన్నడూ ఆలస్యమని సణగలేదు. పొడిగింపు కాగితం మీద నేను ప్లగ్గు పీకిన రోజే సంతకం పెట్టాను.

‘సేవ్ అయింది’ అని కనబడగానే మనిషి ఆ సంగతి మరిచిపోయి తర్వాతి పనికి పోతాడు. కాబట్టి అది నిజమయ్యేదాకా యంత్రం ఆ మాట అనకూడదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు తట్టని ఈ సంగతి ఎస్తేరుకు పనిలో చేరిన రెండో ఏడే తట్టింది.