కొండంత కురుపు

“నువ్వు సదివిందే నేను పాడినాను. కురుపు అని సదివింది నువ్వు కాదేటి?”

“నేను కృప అనే సదివానక్కా. నీ సెవిలో ఏటి పడిందో నాకేటి తెలుసు?”

“అబద్దమాడతన్నావు. మూడుసార్లు అడిగినాను నిన్ను.”

“అడిగితే అడిగావు. పాడింది నీ నోరే కదా, నా నోరు కాదు.”

నా చిన్నప్పుడు, క్రిస్మస్ ఇంకా రెండు వారాలుందనగా, పక్కింటి అక్కకూ నాకూ పడిన తగువు ఇది. అనంతగిరి పైన మా ఊళ్లో రేకుల షెడ్డే మా చర్చి. దాని గుమ్మం బయట నిలబడి అరుచుకుంటున్నాం. లోపల జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అక్క కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అబద్ధం ఆడుతున్నది నేనే.

మా ఇళ్లలో మాట్లాడుకునేది కొండ భాష. తెలుగు మాకు బడిలోనూ సంతలోనూ తగిలేది. నేను రెండో తరగతి దాకా చదివాను. అక్క బడి గుమ్మం ఎక్కలేదు. కానీ దేవుడు గొంతు ఆమెకిచ్చాడు. ఆమె పాట ఎత్తుకుంటే దారినపోయేవాళ్లు కావిడి దించి నిలబడేవారు. నేను ఎత్తుకుంటే మా అమ్మే, “ఊరుకోయే గుంటా, కోళ్లు బెదిరిపోతన్నాయి” అనేది.

ఆ ఏడు పండగకి ఒంటిగా పాడడానికి పాస్టరుగారి భార్య అక్కను ఎంచింది. విజయనగరం వైపు మనిషి. మేమంతా అమ్మగారు అని పిలిచేవాళ్లం. పాటల పుస్తకం ఊరంతటికీ ఒక్కటే. నేను చదివి చెప్పాలి, అక్క విని పట్టాలి. అంటే నాకున్న ఆ కాస్త చదువూ ఆమె గొంతుకు చాకిరీ చెయ్యాలన్నమాట. అది నాకు మింగుడు పడలేదు. అంబలి తాగుతున్నా, పుల్లలు ఏరుతున్నా అందరూ ఆమె పాట వింటున్నట్టే ఉండేది, నా లోపల మండుతూనే ఉండేది.

పాటలో ‘కొండంత కృప నాకిచ్చావు’ అని ఒక వరస ఉంది. కృప అన్నచోట నేను కావాలనే కురుపు అని చదివాను. అక్కకు అనుమానం వచ్చింది. దేవుడు కురుపులివ్వడమేమిటని అడిగింది. ఒక భక్తుడికి ఒళ్లంతా కురుపులు లేచాయని మొన్న ఆదివారం పాస్టరుగారు చెప్పలేదా, అవి ఓర్చుకునే కదా ఆయన అంతవాడయ్యాడు అన్నాను. అక్క నమ్మింది. ప్రాక్టీసు రోజున పెద్దలందరి ముందూ కళ్లు మూసుకుని, కొండంత కురుపు నాకిచ్చావని ఎంతో తియ్యగా పాడింది.

మా తగువు విని అమ్మగారు బయటికి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానంటూ పుస్తకం నా చేతికిచ్చింది. “ఆ వరస గట్టిగా సదువమ్మా, లోపలివాళ్లకీ వినపడాలి” అంది. పదిమంది ముందు చదవమంటే నాకు ఎక్కడలేని పొంగు. వట్రుసుడి నేను పలికినట్టు తరగతిలో ఎవరూ పలకలేరని మాస్టారు అనేవారు కూడాను. ఆ పొంగులో కృప అని అచ్చంగా, స్పష్టంగా చదివేశాను. చదివాక గాని తెలియలేదు ఏం చేశానో. ఇంత స్పష్టంగా పలికే నోటి మాట అక్క చెవిలో కురుపుగా పడిందంటే ఇంకెవరు నమ్ముతారు? అక్క నా వంక చూసింది. తిట్టినా బాగుండేది.

అమ్మగారి చెయ్యి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ చెయ్యి పుస్తకం మూసి తీసుకుంది, అంతే.

“కృప అంటే ఏటో తెలుసా నీకు? ఇప్పుడు నీ సెంప మీద పడాల్సింది పడలేదు సూడు, అదే.”

ఇన్నేళ్లు గడిచాక ఇప్పుడు మా ఇంట్లోవాళ్లు నన్ను గట్టి మనిషి అంటారు, పిసినారి అని కూడా అంటారు. అననీ. కరువు రోజుల్లో తిండి తగ్గించుకున్నాను గాని ఏ ఆదివారమూ పాట తగ్గించుకోలేదు. అసూయ పోయిందని మాత్రం చెప్పను. మంచి గొంతు వినపడితే ఈనాటికీ ముందు కడుపు మండుతుంది, అది ఆరాకే పాట చెవికెక్కుతుంది. మండినంతసేపూ నోరు మూసుకుని, ఆ పాటలోని మాటల్ని తప్పు రాకుండా లోపల చదువుకుంటాను. ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఈ అలవాటే. పాట మీద ప్రేమ పుట్టింది మాత్రం ఆ మర్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్క అడ్డాకుల కట్ట తెచ్చుకుని మా అరుగు మీద కూర్చుంది. వెదురు పుల్లతో విస్తరి కుడుతూ, నా మొహం చూడకుండానే రెండో చరణం చెప్పమంది. నేను పుస్తకం తెరిచి చదవబోయాను.

“సదవొద్దు. పాడు. నీ నోట పాడిన మాటే నేను పాడతాను.”

నాకు గొంతు లేదన్నాను. ఆమె ఇంకో ఆకు తీసి అతికించి, నా కోసం ఆగింది. నేను పాడాను. నా వెనకే అక్క పాడింది.