మొగుడు ఇంటికొచ్చినప్పుడే మాత్ర

కోపం వస్తే ఇన్షిరాహ్ చేతిలో పని ఆగదు, ఇంకా ఊపందుకుంటుంది. ఇజ్బెత్ ఎల్ బుర్గ్ అనే చేపల రేవులో చిరిగిన వలలు బాగుచేసే ఆడవాళ్ళు వీధికి నలుగురున్నా, ముడి గట్టిగా పడాలంటే ఇన్షిరాహ్‌కే ఇవ్వాలని పడవల వాళ్ళు అంటారు. ఆ ముళ్ళలో సగం అత్త తఫీదా మీద పళ్ళు కొరుకుతూ వేసినవేనని వాళ్ళకేం తెలుసు!

ఆమె మొగుడు మిత్వల్లి పెద్ద పడవ మీద వేటకెళ్తాడు. నైలు నది సముద్రంలో కలిసే చోటు దాటాడంటే మళ్ళీ కొన్ని వారాలదాకా మనిషి కనపడడు. వచ్చాక కూడా రెండు మూడు రోజులే ఉంటాడు. కడుపునిండా తిని, నిద్రపోయి, కాఫీ దుకాణంలో కబుర్లు చెప్పి, మళ్ళీ పడవెక్కుతాడు.

మూడో పిల్ల మిర్వత్ పుట్టినప్పుడు ఇన్షిరాహ్‌కి రక్తం ఆగలేదు. దమియెత్తా పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఎవరెవరి రక్తమో ఎక్కించి బతికించారు. "ఇంకో కాన్పు జోలికి పోవద్దమ్మా, ప్రాణాల మీదికొస్తుంది" అని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ హాయిదీ అనే అమ్మాయి కడుపు రాకుండా వేసుకునే మాత్రల అట్ట చేతిలో పెట్టి, "రోజుకొకటి" అంది. వెనక ఆడవాళ్ళ వరస గుమ్మం దాకా ఉంది. చంకలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇన్షిరాహ్ తలూపి వచ్చేసింది.

ఇంటికొచ్చాక తనకు తోచినట్టు ఆలోచించుకుంది. తలనొప్పి లేనప్పుడు తలనొప్పి మాత్ర ఎవరు వేసుకుంటారు? మొగుడు సముద్రంలో ఉంటే ఈ మాత్ర మింగి ఒళ్ళు పాడుచేసుకోవడం ఎందుకు? పడవ ఒడ్డుకొచ్చిందని కబురు రాగానే ఒకటి వేసుకునేది. అతను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వేసుకునేది. అతను వెళ్ళగానే అట్టని బియ్యం డబ్బా వెనక దాచేసేది. పైగా మిర్వత్‌కి నడక వచ్చినా ఇంకా పాలిస్తూనే ఉంది.

"పాలిచ్చే తల్లికి కడుపెక్కడొస్తుందే? పాలే తాళం" అనేది తఫీదా.

"నీకు ఏడుగురు కదత్తా. ఆ తాళం నీకెందుకు పడలేదు?" అని ఒకసారి అడిగింది ఇన్షిరాహ్.

"అది దేవుడి దయ" అంది తఫీదా. మాట అక్కడితో సరి.

ఒకరోజు బూరి చేపలు వేయిస్తుంటే ఆ వాసనకి ఇన్షిరాహ్ కడుపులో తిప్పింది. మర్నాడూ అంతే. పాలిచ్చే రోజులు కదా అని నెల తప్పిన సంగతి లెక్కలోకే తీసుకోలేదు. ఆరోగ్య కేంద్రానికెళ్తే అనుమానం తీరిపోయింది. ఆ రోజు వల ముందు కూచుంది గానీ చేయి ఆడలేదు. పోయినసారి ఆసుపత్రి మంచమూ, కింద తడిసిపోయిన దుప్పటీ, తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్న తన తల్లీ, అన్నీ కళ్ళ ముందే మెదిలాయి.

మిత్వల్లి వేట నుంచి వచ్చాక, అన్నం తిననిచ్చి, టీ గ్లాసు చేతికిచ్చి చెప్పింది. అతను ముందు కంగారుపడ్డాడు.

"డాక్టరు వద్దన్నాడు కదే! నువ్వు మాత్రలు మింగుతున్నానన్నావు."

"మింగాను. నువ్వొచ్చిన ప్రతిసారీ మింగాను."

"మింగితే మరి ఎలా వస్తుంది? మందన్నాక పనిచెయ్యాలి కదా!"

తఫీదా మూల కూచుని జపమాల తిప్పుతోంది. తల ఎత్తకుండానే అంది, "పోయినసారి నువ్వొచ్చి ఉన్నది ఎంతసేపురా? ఇంజను బాగుచేయించుకోడానికే సరిపోయింది. ఒక్క రాత్రి పడుకున్నావో లేదో. ఒక్క రాత్రికే కడుపులొస్తే ఈ ఊళ్ళో జనం పడతారా?"

జపమాల పూసలు టకటకమంటున్నాయి. ఇన్షిరాహ్ మొగుడి మొహం వంక చూసింది. అతను ఒక్క మాటంటే చాలు, 'నోర్ముయ్ అమ్మా' అంటే చాలు. అతను టీ గ్లాసు కింద పెట్టాడు. గోడకేసి చూశాడు.

"ఏంటి ఆ చూపు? నోరు తెరిచి అను" అంది ఇన్షిరాహ్.

"నేనేం అన్నాను?" అని చెప్పులేసుకుని కాఫీ దుకాణానికి పోయాడు.

తెల్లవారాక ఇన్షిరాహ్ అతని మీద దుప్పటి లాగేసింది. "లే. చొక్కా తొడుక్కో."

"ఎక్కడికి?"

"నీ గోడ చెప్పని సంగతి డాక్టరమ్మ చెబుతుంది, పద."

ఆడవాళ్ళ వరసలో ఒక్క మగవాడు. మిత్వల్లి చెవులు ఎర్రబడ్డాయి. లోపలికెళ్ళగానే ఇన్షిరాహ్ కుర్చీలో కూడా కూచోలేదు.

"డాక్టరమ్మా, ఈయన సముద్రంలో ఉంటాడు. ఇంటికొచ్చినప్పుడు మాత్ర వేసుకున్నాను. అయినా కడుపొచ్చింది. ఒక్క రాత్రికి రాదని మా అత్త అంటోంది. వస్తుందో రాదో ఈయన మొహం మీద చెప్పండి."

డాక్టర్ హాయిదీ కలం పక్కన పెట్టింది. "వచ్చినప్పుడే వేసుకున్నారా? మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో మొగుడేడీ?"

"ఈ మాత్ర అలా పనిచెయ్యదమ్మా. ఆయన ఉన్నా లేకపోయినా రోజూ పడాలి. మధ్యలో వదిలేస్తే వేసుకోనట్టే లెక్క. కడుపు రావడానికి ఒక్క రాత్రి చాలు."

"పాలిస్తున్నాను కదా?"

"పాల కాపుదల మొదటి ఆరు నెలలే. అదీ బిడ్డకి పాలు తప్ప ఇంకేం పెట్టకుండా, నెలసరి మొదలవకుండా ఉంటేనే. మీ పాప నడుస్తోంది, అన్నం తింటోంది."

మిత్వల్లి కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. ఇన్షిరాహ్‌కి ఊరట కలగాల్సిందే. కలగలేదు సరికదా, కోపం ఇంకో వైపు తిరిగింది.

"ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా!"

"రోజుకొకటి అని చెప్పాను కదమ్మా."

"రోజుకొకటి అన్నారు. మొగుడు లేని రోజు కూడా అనలేదు. ఈ ఊళ్ళో సగం మంది మొగుళ్ళు సముద్రంలోనే ఉంటారని మీకు తెలీదా?"

"అడగాల్సింది. అడగలేదు" అంది డాక్టరమ్మ. తర్వాత కాగితాలు ముందుకు లాక్కుని, ఈ కాన్పు ఇంట్లో జరగకూడదనీ, పెద్దాసుపత్రిలో రక్తం సిద్ధంగా పెట్టుకోవాలనీ నెమ్మదిగా వివరించింది. మిత్వల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు.

దారిలో చెరకు రసం కొని ఇవ్వబోయాడు. "నేనేమన్నా అన్నానా?" అన్నాడు.

"అనలేదు. అదే నా బాధ" అని ఇన్షిరాహ్ గ్లాసు అతని చేతిలోనే వదిలేసి నడిచింది.

మిత్వల్లి ఇంటికొచ్చి తల్లితో డాక్టరు చెప్పినదంతా చెప్పాడు. తఫీదా పెదవి విరిచింది. "ఆడ డాక్టరు ఆడదాని వైపు కాక ఎవరి వైపు చెబుతుందిరా?" ఆ ఒక్క రాత్రి మాట ఊళ్ళో ఎలా పాకిందో, వాకిట్లో వల పరుచుకుని కూచున్నప్పుడల్లా దారినపోయే ఆడవాళ్ళ చూపు ఇన్షిరాహ్ పొట్ట మీద కాసేపు నిలిచి పోయేది. ఎవరూ పైకి ఏమీ అనరు. అనని మాటకి జవాబెలా చెప్పాలి? అందరికీ తలో మాత్రా పంచి కూచోబెట్టి పాఠం చెప్పాలా?

కాన్పుకి మిత్వల్లి వేట మానేశాడు. అతనూ, అతని తమ్ముడూ రక్తం ఇచ్చారు. ఈసారీ రక్తం ధారగా పోయింది గానీ, సిద్ధంగా ఉంది కాబట్టి ప్రాణం నిలిచింది. కళ్ళు తెరిచేసరికి మంచం చుట్టూ ఆడవాళ్ళు. మగపిల్లాడు. వాడి చెవులు రెండూ చేటల్లా బయటికి నిలబడి ఉన్నాయి.

"చూడండే ఈ చెవులు! అచ్చం మిత్వల్లివే!" అని తఫీదా నాలుక ఆడిస్తూ పండగ కేక పెట్టింది. వరండా అంతా వినబడేలా పిల్లాణ్ణి ఎత్తి చూపించింది. అందరి మొహాలూ వెలిగిపోయాయి. వచ్చిన ప్రతి మనిషీ ముందు చెవులు చూసి, తర్వాతే తల్లిని పలకరించింది.

ఇన్షిరాహ్ మొహం దిండుకేసి తిప్పుకుంది. డాక్టరు మాట చాలలేదు. తన మాట అసలే చాలలేదు. ఈ రెండు చెవులు చాలాయి. వీడికి మా నాన్న చెవులు వచ్చుంటే నా గతేంటి?

నలభై రోజులు దాటాక లూపు వేయించుకుంటానంది. తఫీదా గుండెలు బాదుకుంది. "అది పైకి పాకి గుండెలో గుచ్చుకుంటుందే! దాన్ని గుప్పిట్లో పట్టుకుని పుట్టిన పిల్లాడున్నాడట!"

"నువ్వు చూశావా అమ్మా?" అన్నాడు మిత్వల్లి.

"చూడక్కర్లేదు, అందరూ అంటున్నారు."

"అందరూ అన్నవి ఒకసారి నమ్మాను. ఇక ఊరుకో." అతను పెళ్ళాం వంక చూశాడు. ఇన్షిరాహ్ చూడలేదు. ఈ మాట రావాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. అయినా వెళ్ళి వేయించుకుంది. అది గర్భసంచిలోంచి గుండెకి పోదని డాక్టర్ హాయిదీ బొమ్మ గీసి చూపించింది, మొదటి నెలల్లో రక్తం ఎక్కువ కనిపిస్తే వెంటనే రమ్మంది. ఈసారి ఇన్షిరాహ్ వెనక వరస ఎంతుందో చూడకుండా అడగాల్సినవన్నీ అడిగింది.

వేసవి మొదట్లో తోడికోడలు వగీదా వచ్చి వల రెండో కొస పట్టుకుని కూచుంది. ఆమె మొగుడు వేటకెళ్ళేదీ మిత్వల్లి పడవ మీదే.

"పడవ రేపొస్తుందంట అక్కా. మాత్ర మొదలెట్టాలి" అంది.

ఇన్షిరాహ్ చేతిలో సూది ఊపందుకుంది. "నాకేమయిందో చూశావుగా వగీదా! రోజూ వేసుకోవాలని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"నీ ఒంట్లో వేడెక్కువక్కా, అందుకే నీకు పనిచెయ్యలేదు. నాకు ఇన్నేళ్ళుగా ఇలాగే సరిపోతోంది."

"సరిపోవడం కాదు, తప్పించుకుంటున్నావు!" ఇన్షిరాహ్ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "మొగుడు ఇంట్లో ఉన్నా, సముద్రం అడుగున ఉన్నా, రోజూ వెయ్యి! లేకపోతే నాతో డాక్టర్ దగ్గరికి రా!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. వగీదా చుట్టూ చూసి, సిగ్గుతో ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అబ్బ, మెల్లగా అక్కా! జనం వింటారు."

"వినాలనే" అంది ఇన్షిరాహ్. ఇంకా గట్టిగా, మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.