బ్లాస్టింగులో ఆగిన వాక్యం

గోదావరిఖని సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే నర్సింగం సారుకు ఒక అలవాటుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీలు గడగడలాడగానే వాక్యాన్ని సగంలో ఆపి, సుద్దముక్కను గాలిలోనే నిలిపి కళ్లు మూసుకుంటాడు. బూడిదరంగు దుమ్ము, నీళ్లలో మునుగుతున్నంత నెమ్మదిగా ఎండలోంచి దిగుతుంది. అది బల్లల మీద వాలాక, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటాడు.

మంత్రి సభకు బడిపిల్లలను వరుసకట్టించి తీసుకుపోయినప్పుడు నిద్రపోయిన, సర్కారు ఉద్యోగులు రాజకీయ సభలకు పోకూడదన్న నిబంధన, ఆదివారం ప్రత్యేక తెలంగాణ సభలో నర్సింగం నాలుగు మాటలనగానే మేల్కొంది. 2010 డిసెంబరు ఆరున, సోమవారం, “భావప్రకటన స్వేచ్ఛ పౌరులందరికీ...” అంటుండగా కిటికీలు కదిలాయి. ఆ నిశ్శబ్దంలోనే హెడ్మాస్టరు భూపాల్ ఒక హామీపత్రంతో లోపలికి వచ్చాడు. “నర్సన్నా, ఇగ సభలల్ల మాట్లాడనని గీ కాయితం మీద ఒక్క సంతకం పెట్టరాదే. లేకుంటే సస్పెండు చేస్తరట.” “పాఠం నడుస్తుంది సారూ.” “పాఠం యాడికి పోతది? కొలువు పోతదే!” నర్సింగం కళ్లు తెరవలేదు. దుమ్ము ఆ కాగితం మీదా సన్నగా పరుచుకుంది. అంతా వాలాక ఆయన దాన్ని మెల్లగా దులిపి, సంతకం లేకుండానే భూపాల్ చేతికిచ్చి, పిల్లల వైపు తిరిగి, “...ఉంటుంది” అన్నాడు.