లేదన్న బేరింగు

మొన్న కల్లూరులో నా స్కూటీ వెనక చక్రం గరగరమంటుంటే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను చక్రం విప్పి గ్రీజు డబ్బా మూత తీయగానే వాసన గుప్పుమంది. నేను పాఠాలు చెప్పే బడికి వేళవుతోందని తెలిసి కూడా అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాను. అది మా నాయిన చేతుల వాసన.

మా నాయిన మోటారుసైకిళ్లు బాగుచేసే షెడ్డు జూలూరుపాడు దాటాక, అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన ఉండేది. ముందర నాలుగు గుంజల మీద రేకులు, వెనక ఒక గదిలో మా సంసారం. ఎండాకాలం తెల్లవారుజామున అడవిలోంచి ఇప్పపూల వాసన వచ్చి షెడ్డులోని పెట్రోలు వాసనతో కలిసిపోయేది. గూడేల ఆడవాళ్లు తునికిపండ్ల గంపలు దించి, మా అమ్మ దగ్గర చల్లటి నీళ్లు తాగి, నా దోసిట్లో నాలుగు పండ్లు పోసి వెళ్లేవాళ్లు. వానాకాలం రేకుల మీద మోతకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. పగిలిన బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లే నాకూ తమ్ముడికీ గోలీలు. దసరాకు నాయిన పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, సత్తుపిండి ముద్దలు వాటికి చూపించాకే మాకు పెట్టేవాడు.

బేరింగులు మార్చే పని మాత్రం ఆయన ఎవరికీ అప్పగించేవాడు కాదు. చక్రాన్ని రెండు చెక్కల మీద పడుకోబెట్టి, పొడుగాటి ఇనుపకడ్డీని లోపల్నుంచి బేరింగు అంచుకు ఆనించి, ఒకసారి ఈ పక్కా ఒకసారి ఆ పక్కా సుత్తితో తడుతూ, వంకర పోకుండా బయటికి తెచ్చేవాడు. కొత్తది ఎక్కించేటప్పుడు దాని మీద పాతదాన్ని పెట్టి కొట్టేవాడు. దెబ్బ బయటి రింగుకే తగలాలి, లోపలి రింగుకు తగిలితే గుండ్లు పాడవుతాయి. అడుగుకు ఆనగానే మోత మారేది, అక్కడితో సుత్తి ఆపేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ముసురు పట్టిన శ్రావణంలో కన్నయ్య వచ్చాడు. లోపలి గూడెంలో ఉండే కోయ రైతు. ఆ గూడెంలో బండి ఉన్నది అతనొక్కడికే. భార్య ముత్తమ్మకు నెలలు నిండాయి. బండి వెనక చక్రం చేత్తో ఊపితే అటూ ఇటూ ఆడుతోంది.

నాయిన విప్పి చూసి, "రెండు బేరింగులూ పోయినయ్" అన్నాడు.

"కొత్తయి ఎయ్యన్నా. ఆమెకు రేపో మాపో అన్నట్టున్నది. వాగొస్తే మా దిక్కు జీపు రాదు, అడవి బాటనే గతి. దీని మీదనే దవాఖానాకు తీస్కపోవాలె."

నాయిన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నా దగ్గర లేవు. రెండ్రోజులు ఆగితే కొత్తగూడెం నుంచి తెప్పిస్త."

ఉన్నాయి. ముందురోజు బస్సులో వచ్చిన పొట్లాన్ని చెక్కపెట్టెలో పెట్టింది నేనే. అవి ఎరువుల దుకాణం సేటు బండి కోసం తెప్పించినవి. ఆయనదీ అదే రకం బండి. మా షెడ్డున్న జాగా సేటుది. మర్నాడు వస్తానని కబురు పంపాడు. పని కాకపోతే జాగా ఖాళీ చెయ్యమంటాడని నాయిన భయం.

"నాయినా, పెట్టెల..." అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. నేను నోరు మూసుకున్నాను.

పాత బేరింగులనే కడిగి, గ్రీజు దట్టించి బిగించాడు. "మెల్లగ పో. ఇద్దర్ని ఎక్కించుకోకు. రెండ్రోజులకు మళ్ల రా" అన్నాడు. కన్నయ్య "సరేనన్నా" అని వానలో వెళ్లిపోయాడు.

సేటు మర్నాడు రాలేదు. వారం దాకా రాలేదు.

కన్నయ్య మళ్లీ షెడ్డుకు రాకముందే, మూడోరోజు ముత్తమ్మకు నొప్పులు మొదలయ్యాయి. కన్నయ్య ఆమెను బండి మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకోవడానికి తన తల్లిని వెనక ఎక్కించుకున్నాడు. సగం దారిలో, అడవి మధ్యలో, వెనక చక్రం బిగుసుకుపోయింది. తోసినా కదల్లేదు. అతను గూడేనికి పరిగెత్తి, మనుషులతో మంచం తెచ్చేసరికి ఆమె బురదలోనే ఆడపిల్లను కన్నది. నెత్తురు ఆగలేదు. దవాఖానాకు మంచం చేరేసరికి ప్రాణం పోయింది.

గూడెం నుంచి వచ్చినవాళ్లు ఈ సంగతి చెప్తుంటే నాయిన నిలబడే విన్నాడు. వాళ్లు వెళ్లాక చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

పదిరోజుల తర్వాత కన్నయ్య ఆ చక్రాన్ని భుజం మీద మోసుకుంటూ వచ్చాడు. బిడ్డకు పాలు తేవాలన్నా బండి కావాలి. పగిలిన బేరింగు చక్రంలో ఇరుక్కుపోయి ఎంతకీ రాలేదు. నాయిన సుత్తి జారి బొటనవేలు చితికింది. రక్తం కారుతుంటే గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ కొట్టాడు. కొత్తవి ఎక్కించాడు.

చక్రం భుజానికెత్తుకుంటూ కన్నయ్య అన్నాడు: "ఇద్దర్ని ఎక్కించొద్దని నువ్వు చెప్పినవన్నా. నేనే ఇనలే."

నాయిన ఇప్పుడన్నా చెప్తాడని చూశాను. ఆయన పనిముట్లు ఏరి పెట్టెలో సర్దాడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ ఊసే రాలేదు. పోయిన చలికాలం నాయిన మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే, "ఆ పొద్దు నువ్వు చెప్పేస్తే బాగుండు బిడ్డా" అన్నాడు. నేను చెంచా పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాను. నాలుగు రోజులకు ఆయన పోయాడు. అంత బరువును తొమ్మిదేళ్ల పిల్ల మీద పెట్టిపోయాడని ఎన్నాళ్లో కోపంగా ఉండేది.

స్కూటీ బాగుచేయించుకున్నాక వచ్చిన ఆదివారం ఆ గూడేనికి వెళ్లాను. మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు విశాలమైన రోడ్డు. ఇప్పచెట్లు లేవు. భద్రాచలం వెళ్లే కార్లు ఆగకుండా పోతున్నాయి. కన్నయ్య నెరిసిన తలతో వాకిట్లో కూర్చుని ఉన్నాడు. చెప్పాను. పెట్టె సంగతి, సేటు సంగతి, నేను నోరు మూసుకున్న సంగతి, అన్నీ.

అతను భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏడాది పొడుగునా బిడ్డకు పాలడబ్బాలు మోసిండు మీ నాయిన. పండుగ పండుగకు గౌను తెచ్చేటోడు. ఎందుకో నాకు తెల్వకపాయె" అన్నాడు. ఆయన అక్కడికి పోతున్న సంగతే మాకు తెలియదు.

గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "నా బిడ్డకు చెప్పకు."

ఇంట్లోంచి ఆ అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఎవరు నాయినా?" అని అడిగింది.

"మీ బండ్ల మేస్త్రి పెదనాయిన బిడ్డ."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పెదనాయిన పోయిండని మొన్ననే తెల్సిందక్కా. మస్తు ఏడ్చిన. అన్నం తిని పోవాలె" అంది.

కన్నయ్య నా వైపు చూడలేదు. ఆమె వడ్డించింది. తిన్నాను.