మా కాల్‌లో మోగిన సైరన్

దయ్యాలను నేను నమ్మను. చిన్నప్పుడు మాక్లూరులో మా అవ్వ చెప్పిన కథలకే భయపడలేదు. మధ్యలో తప్పులు పట్టి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడైతే నమ్మడానికి తీరిక కూడా లేదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. పెద్ద కంపెనీ, పేరు చెప్పను. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని అక్కడ రూలు పెట్టినప్పటి నుంచి నాకు మనుషులతో వేగడమే సరిపోయింది.

ఆ రూలు గురించి కొంచెం చెప్పాలి. కరోనా రోజుల్లో ఎక్కడ కూర్చుని పనిచేసినా సరే అన్నారు. ఆ మాట నమ్మి బోధన్‌లో కాపురం పెట్టాం. మా ఆయన రమేశ్ అక్కడ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్. తర్వాత మెయిల్ వచ్చింది: అందరూ ఒకచోట కూర్చుంటేనే కొత్త ఆలోచనలు పుడతాయట. సరే అని ప్రతి వారం బ్యాగు సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కేదాన్ని, హాస్టల్లో ఉండేదాన్ని. తీరా చూస్తే ఆఫీసులో నా పక్కన కూర్చునేది వేరే టీమ్ మనిషి. నా టీమ్‌లో సగం మంది బెంగళూరులో, మిగిలినవాళ్లు పుణెలో. అంత దూరం వెళ్లి, గేటు దగ్గర కార్డు గీకి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని మళ్లీ వాళ్లతో కాల్‌లోనే మాట్లాడాలి. ఇంట్లో చేసిందీ అదే, అక్కడ చేసిందీ అదే. ఈ మాట అంటే మాత్రం అందరూ నవ్వి ఊరుకునేవాళ్లు.

అలా ఉండగా నాకు కడుపు నిలిచింది. అంతకు ముందు రెండుసార్లు నిలిచినా దక్కలేదు. ఈసారి నిజామాబాద్‌లో డాక్టరమ్మ ప్రయాణాలు పూర్తిగా మానేయమంది. ఆ సర్టిఫికెట్ కంపెనీకి పంపితే సంతకం సరిగా కనబడటం లేదని ఒకసారి, ఫైలు సైజు ఎక్కువైందని ఒకసారి తిప్పి పంపారు. చివరికి ఇంటి నుంచి పనిచేయడానికి మినహాయింపు ఇచ్చారు. అది కూడా మా మేనేజర్ ప్రవీణ్ ప్రతి నెలా మళ్లీ ఒప్పుకోవాలి.

మేం అద్దెకున్న ఇల్లు శక్కర్‌నగర్ వైపు, మూతపడిన చక్కెర ఫ్యాక్టరీకి దగ్గర్లో ఉంది. ముందు భాగంలో మేం, వెనక భాగంలో ఇంటి ఓనరు నర్సయ్య తాత, ఆయన కూతురు సుజాతక్క. తాత ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యాడు. మిషన్ల మధ్య ఉండి ఉండి ఆయనకు చెవులు సరిగా వినబడవు. సుజాతక్క బీడీలు చేస్తుంది. ఇద్దరూ మంచివాళ్లు. మధ్యాహ్నం పూట అలికిడి కూడా ఉండని ఇల్లు. అందుకే ఆ ఇల్లు తీసుకున్నాం.

మినహాయింపు వచ్చిన కొద్దిరోజులకే మొదలైంది. పొద్దున టీమ్ కాల్‌లో నేను మాట్లాడుతుంటే ప్రవీణ్ ఆపాడు.

"స్వప్నా, మీ దగ్గర ఏదో సైరన్ మోగుతోంది. అంతా ఓకేనా?"

నాకేమీ వినబడలేదు. కిటికీ తెరిచే ఉంది. వేప చెట్టు మీద పావురాలు తప్ప ఏ చప్పుడూ లేదు. మర్నాడు అదే వేళకు మళ్లీ అదే మాట. మూడో రోజు టీమ్‌లో అందరూ నవ్వారు. "స్వప్న ఏదో మిల్లులో కూర్చుని పనిచేస్తోంది" అన్నారు.

నాకు భయం కాదు, ఒళ్లు మండింది. ఇన్ని తంటాలు పడి తెచ్చుకున్న మినహాయింపు, చప్పుడు ఉందన్న సాకుతో పోయేలా ఉంది. కొత్త హెడ్‌సెట్ తెప్పించాను. ఇంటర్నెట్ పెట్టినతన్ని పిలిపించి డబ్బా మార్పించాను. గది మార్చాను. మా లాప్‌టాప్‌లో బయటి చప్పుళ్లను ఆపే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది కుక్కర్ కూతను ఆపుతుంది, కుక్క అరుపును ఆపుతుంది. ఆ సైరన్‌ను మాత్రం ఆపలేదు.

సుజాతక్కను అడిగాను, చుట్టుపక్కల ఎక్కడైనా సైరన్ కొడుతున్నారా అని.

"పొద్దున డ్యూటీకి సైరన్ కొట్టే ఫ్యాక్టరీ బందయి ఎన్నేండ్లాయె చెల్లె, గిప్పుడు సైరన్ యాడికెల్లి వస్తది?" అంది. "కడుపుతోనున్నవ్. గసువంటివి మనసుల పెట్టుకోకు."

చెకప్ కోసం కారు మాట్లాడుకుని మెల్లగా నిజామాబాద్ వెళ్లినప్పుడు, రెండు రోజులు మా చిన్నమ్మ ఇంట్లో ఉండి అక్కడి నుంచే కాల్ చేశాను. సైరన్ లేదు. బోధన్ తిరిగొచ్చాను. సైరన్ ఉంది.

రమేశ్ మొదట్లో నవ్వేవాడు. "మీ వాళ్లకు నిన్ను ఆఫీసుకు గుంజుకుపోవుడే కావాలె. అందుకే గిదో బహానా" అనేవాడు. ఒకరోజు కాలేజీ నుంచి ఏదో పని మీద, సరిగ్గా ఆ వేళకే నాకు ఫోన్ చేశాడు. మాట మధ్యలో ఆగిపోయాడు.

"స్వప్నా, గదేం సప్పుడు?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నవ్వలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. టీమ్ కాల్‌కు కొంచెం ఆలస్యంగా వస్తానని చెప్పాను. తను ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. నేను నా గదిలో నా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి కిటికీలోంచి చూస్తే చెయ్యి ఊపి రమ్మన్నాడు. ఫోన్ పెట్టుకున్న చెవికి సైరన్ వినబడుతోందట, రెండో చెవికి పావురాలు వినబడుతున్నాయట. ఇద్దరం చోటు మారాం. తను గదిలోకి వెళ్లాడు, నేను వాకిట్లో తన ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

అప్పుడు మొదటిసారి విన్నాను. సన్నగా మూలిగినట్టు మొదలై, మెల్లగా పైకి లేచి, ఒకే స్థాయిలో చాలాసేపు నిలిచి, మళ్లీ నీరసంగా కిందికి దిగిపోయింది. అంబులెన్సు కూత కాదు, పోలీసు బండి కూత కాదు. నా ఎదురుగా వీధిలో ఒకామె కూరగాయల బండి దగ్గర బేరమాడుతోంది. ఆమె తల కూడా ఎత్తలేదు. అవతలి అరుగు మీద నర్సయ్య తాత చాయ్ తాగుతున్నాడు.

రికార్డు చేయాల్సింది కదా అని ఇప్పుడు అందరూ అడుగుతారు. కంపెనీ కాల్స్ రికార్డు చేయడానికి మాకు అనుమతి లేదు. మా ఫోన్‌లో రెండుసార్లు ప్రయత్నిస్తే గర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ పడలేదు.

ఇల్లు మారదామని కూడా అనుకున్నాం. కానీ ఆ నెలల్లో నేను సామాను ముట్టకూడదు. పైగా సుజాతక్క నాకు తోడు. ఈ సంగతి తాతకు, అక్కకు చెప్పొద్దని రమేశ్ అన్నాడు. వాళ్ల ఇంటి మీద నింద వేసినట్టుంటుందని. నేనూ సరే అన్నాను. ఆ వేళకు కాల్‌లో మాట్లాడకుండా మ్యూట్‌లో ఉండటం అలవాటు చేసుకున్నాను. అలా కొన్ని వారాలు గడిచాయి.

ఇంతలో మా పై అధికారుల ముందు మా ప్రాజెక్టు చూపించే రోజు వచ్చింది. ముందురోజు ప్రవీణ్ ఫోన్ చేశాడు. "నాకేం అభ్యంతరం లేదు స్వప్నా. కానీ పైవాళ్లు అడుగుతున్నారు, ఆమె ఎక్కడి నుంచి పనిచేస్తోంది, ఆ చప్పుడేంటి అని. రేపు గనక అది వినబడిందంటే వచ్చే నెల మినహాయింపు నేను ఇప్పించలేను." హైదరాబాద్ వెళ్తే నా బిడ్డ దక్కుతుందో లేదో తెలియదు. వెళ్లకపోతే ఉద్యోగం దక్కుతుందో లేదో తెలియదు.

మీటింగు మధ్యాహ్నం పెట్టారు. సైరన్ ఎప్పుడూ పొద్దున్నే తప్ప ఆ వేళకు రాలేదు. అందుకే ధైర్యంగా మొదలుపెట్టాను. సగంలో ఉండగా స్క్రీన్ మీద ఒక్కొక్కరూ హెడ్‌సెట్లు తీసేయడం కనబడింది. ఈసారి అది ఒకసారి మోగి ఊరుకోవడం లేదట. ఆగి ఆగి కొడుతోందట, ఎవరో కావాలని కొట్టినట్టు. నేను గొంతు పెంచి చెప్పబోయాను. ప్రవీణ్ మధ్యలో వచ్చాడు.

"స్వప్నా, ప్లీజ్. ముందు బయటికెళ్లి అదేంటో చూడు. ఇలాగైతే ఎవరం మాట్లాడలేం."

అప్పటివరకు అణచుకున్న కోపమంతా పైకొచ్చింది. "బయట ఏం లేదు ప్రవీణ్. మీరే చూడండి" అని లాప్‌టాప్ అలాగే ఎత్తుకుని లేచాను. ముందు వాకిలి చూపించాను. ఖాళీ. వీధి చూపించాను. ఖాళీ. ఇంటి పక్క సందులోంచి వెనక్కి నడుస్తూ, "ఇదిగో పెరడు, ఇక్కడ సైరన్ ఉందా?" అని కెమెరా తిప్పాను. నేను స్క్రీన్ వైపే చూస్తున్నాను. పుణె నుంచి మా టీమ్‌లో పనిచేసే మేఘన ముందుగా చూసింది.

"స్వప్నా, అక్కడెవరో పడి ఉన్నారు."

నీళ్ల తొట్టి పక్కన నర్సయ్య తాత పడి ఉన్నాడు. మూతి ఒక పక్కకు వంకర పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాడు, నోట మాట లేదు. సుజాతక్క చేసిన బీడీలు ఇచ్చి రావడానికి బీడీ కార్ఖానాకు వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు.

లాప్‌టాప్ బట్టలుతికే బండ మీద పెట్టి వీధిలోకి వెళ్లి గట్టిగా అరిచాను. ఎదురింటి ఖలీల్ అన్న ఆటో నడుపుతాడు, భోజనానికి ఇంటికొచ్చి ఉన్నాడు. ఆటో గేటు దగ్గరికి తెచ్చి, ఇంకో ఇద్దరితో కలిసి తాతను ఎత్తుకెళ్లాడు. బోధన్ ఆసుపత్రి నుంచి వెంటనే నిజామాబాద్ పంపించారు. పక్షవాతమన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని పెద్ద డాక్టరు సుజాతక్కతో అన్నాడట.

లాప్‌టాప్ సంగతి నాకు చాలాసేపటికి గుర్తొచ్చింది. కాల్ అప్పటికి ముగిసింది. ప్రవీణ్ సాయంత్రం ఫోన్ చేశాడు. మీటింగు గురించి అడగలేదు. "ఆటో వచ్చిన చప్పుడు వినబడింది. అది వినబడగానే సైరన్ ఆగిపోయింది. మేం అందరం విన్నాం" అన్నాడు. తర్వాత, "వచ్చే నెలది నేను చూసుకుంటాను, నువ్వు రెస్టు తీసుకో" అన్నాడు.

ఆ రోజు తర్వాత మా ఇంటి నుంచి ఎన్ని కాల్స్ చేసినా ఆ సైరన్ ఎవరికీ వినబడలేదు.

తాతకు మాట రావడానికి చాలా వారాలు పట్టింది. అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి. ఒక సాయంత్రం నేనూ రమేశ్ వెనక భాగానికి వెళ్లి ఆయన మంచం దగ్గర కూర్చున్నాం. మాట ముద్దగా వస్తోంది, కానీ అర్థమవుతోంది. నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు రాకుంటె నేను పోదును బిడ్డా."

"నాకేం తెల్వలేదు తాతా. ఊరికెనే అటు వచ్చిన" అన్నాను.

"అరుద్దామంటె నాలిక తిరగలే. సుజాత లేకపాయె. గప్పట్ల ఫ్యాక్టరీల మనిషికేమన్న అయితె, యాళ గాని యాళల సైరన్ కొడుతుంటిమి, ఆపుకుంట ఆపుకుంట. గది ఇంటె సాలు, ఊరంత ఉరికొచ్చేది. గిప్పుడు గా సైరన్ ఉంటె ఎంత బాగుండు అనుకుంట పడున్న."

సుజాతక్క, "ఊకో బాపు, గవన్ని ఎందుకిప్పుడు" అని కళ్లు తుడుచుకుంది. రమేశ్ నా వైపు చూశాడు. కాల్‌లో సైరన్ సంగతి మేం వాళ్లకు అప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పలేకపోయాం.

నాకు పాప పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. సెలవు అయిపోయింది. మళ్లీ వారానికి మూడు రోజులు అన్నారు, మళ్లీ బస్సెక్కుతున్నాను. ఆఫీసులో నా పక్క కుర్చీలో ఇప్పటికీ వేరే టీమ్ మనిషే కూర్చుంటాడు.

నెట్‌వర్క్ తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఎక్కడిదో చప్పుడు లైన్లో కలిసి ఉంటుందన్నారు. అలాగైతే మా చిన్నమ్మ ఇంట్లో ఎందుకు కలవలేదో చెప్పలేదు. పోనీ, తాత ఆపదలో తలచుకున్నాడు కాబట్టి మోగిందని ఎవరైనా అంటే ఆ ఒక్క రోజుకు ఒప్పుకోవచ్చేమో. కానీ అంతకు ముందు వారాల తరబడి ఆయన బాగానే ఉన్నాడు, ఆ వేళకు అరుగు మీద చాయ్ తాగుతూ నా కళ్ల ముందే ఉన్నాడు. మరి ఆ పొద్దుల్లో అది ఎవరిని పిలిచింది? బోధన్‌లో ఉన్న మా చెవులకు నేరుగా వినబడకుండా, ఆ ఫ్యాక్టరీని ఎన్నడూ చూడని వాళ్లకు ఎందుకు వినబడింది? నేను ఈ మాట ఎత్తితే రమేశ్ లేచి వెళ్లిపోతాడు.