నాలుగు వేళ్ళ కిటికీ

ముందు పోయినవన్నీ వరుసగా చెప్పేస్తాను. లెక్క తప్పకుండా చెప్పడం ఒక్కటే నాకు వచ్చిన పని.

నా భార్య వళ్ళెమ్మ. ఆమెతో పదకొండేళ్ళ కాపురం. తొమ్మిది రోజుల పసిబిడ్డకు తల్లి పాలు. మా అమ్మ మాట. ఆ రోజు తరువాత ఆమె అవసరానికి తప్ప నోరు విప్పలేదు. మునెమ్మ అనే మంత్రసానికి ముప్పై ఏళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మంచి పేరు. ఇవి ఐదు. ఐదూ ఒకే రాత్రి, ఒకే కిటికీ వల్ల పోయాయి. ఆ కిటికీ మూసింది నేను. తెల్లవారి దాన్ని తెరిచింది కూడా నేనే. మూయడం పొరపాటు. తెరవడం పాపం. ఏడు చలికాలాలుగా రెండింటినీ మోస్తున్నాను. మొదటిదానికంటే రెండోదే బరువు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ మొహం చూడాలి.

మాది తిరువాలంగాడు స్టేషనులో దిగి పొలం గట్ల మీద నడిచిపోవాల్సిన ఊరు. ఇప్పుడు మా తాలూకా మద్రాసు వైపు పోయింది. నేను చెప్పేది ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఏడాది, మార్గళి నెల, అంటే ధనుర్మాసం నాటి సంగతి. నేను బడిలో చదివింది మూడో తరగతి వరకే. ఆ తరువాత లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఎంత లోతు బావికి ఎంత మన్ను తవ్వాలి, ఎంత గోడకు ఎన్ని ఇటుకలు పడతాయి, మిద్దెకు ఎన్ని దూలాలు కావాలి, ఇలాంటివి. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా మేస్త్రీలు నాకు కబురు పెట్టేవారు. నా లెక్క తప్పదని పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఎంత ఇష్టమో ఆ మార్గళిలో తెలిసింది.

మా చలి గురించి వేరే ప్రాంతాల వాళ్ళు వింటే నవ్వుతారేమో. నీళ్ళు గడ్డకట్టే చలి కాదు. వానలు వెనకబట్టి, నేల ఇంకా తడి ఆరకముందే, తెల్లవారుజామున కొండల వైపు నుంచి మంచు దిగుతుంది. మట్టిగోడలు ఆ తడిని పీల్చుకుంటాయి. చాప కింది నుంచి చలి వీపులోకి ఎక్కుతుంది. మేమంతా మాకు తోచిన విధంగా తట్టుకునేవాళ్ళం. చాప కింద వరిగడ్డి పరిచేవాళ్ళం. గోనెసంచులు కప్పుకునేవాళ్ళం. పాత చీర పేలికలు చెవులకు చుట్టుకునేవాళ్ళం. ఇటుకను పొయ్యిలో కాల్చి గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకునేవాళ్ళు కొందరు. మాకు ఒక గొంగళి ఉండేది. వళ్ళెమ్మకూ నాకూ అదొక్కటే. పదకొండు చలికాలాలు ఆ ఒక్క గొంగళి కింద గడిచాయి. తన చల్లటి పాదాలు నా పిక్కలకు ఆనించి పడుకునేది. నా కాళ్ళు పొయ్యిలోనుంచి తీసిన కట్టెల మాదిరి ఉన్నాయని, కదిలించొద్దని అనేది. నేను కదిలించేవాణ్ణి కాదు. తిమ్మిరెక్కినా కదిలించేవాణ్ణి కాదు.

ఇప్పుడు గొంగళి మొత్తం నాదే. అంత గొంగళితో ఏం చేయాలో ఈనాటికీ నాకు తెలియదు.

పదకొండేళ్ళకు మాకు బిడ్డ పుట్టింది. వళ్ళెమ్మకు పుట్టింట తల్లి లేదు, అందుకని పురుడు మా ఇంట్లోనే. మునెమ్మ వచ్చింది. ఆమె ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండేది. కూతురు పళవేర్కాడులో రొయ్యల పనికి పోయి అక్కడే కాపురం పెట్టింది. నొప్పులు మొదలయ్యాక నేను పదిసార్లు గుమ్మం దగ్గరికి పోయి ఇంకా ఎంతసేపని అడిగితే, నా లెక్కలో బిడ్డ ఎప్పుడు పుడుతుందో చెప్పమని, ఆ వేళకే దించుతానని లోపలి నుంచి ఎగతాళి చేసింది. ఆ నొప్పుల్లోనూ వళ్ళెమ్మ నవ్వడం నాకు వినిపించింది. ఆ నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది.

బాలింతకు చలి తగిలితే జన్ని వస్తుందని, వస్తే మనిషి దక్కదని మా వైపు అందరికీ భయం. అందుకే పురుడింట్లో మంచం కింద కుంపటి పెడతారు. మునెమ్మ వరిపొట్టు, పిడకలు వేసి కుంపటి రాజేసి, పైన వాము చల్లేది. తన చేత్తో దంచి చేసిన కాయం పూటకు ఒక ఉండ మింగించేది. శొంఠి, మిరియాలు, ఇంకా ఏవేవో కలిపిన బాలింత మందు అది. అన్నీ బాగానే జరుగుతున్నాయి. పొగ ఒక్కటే బాధ. ఆ గది చిన్నది, పైన మిద్దె, ఒకే కిటికీ. పొగకు వళ్ళెమ్మ కళ్ళు ఎర్రబడేవి. దగ్గినప్పుడల్లా పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. పొగ పోవాలని కిటికీ తెరిస్తే చలి లోపలికి వచ్చేది. మూస్తే పొగ నిలిచిపోయేది.

దీనికి లెక్కలో దారి ఉండాలని నాకు అనిపించింది. ఎనిమిదో రోజు పనిమీద తిరువళ్ళూరు పోయాను. అక్కడ ఒక కాఫీ హోటల్లో బొగ్గుల పొయ్యి చూశాను. ఎర్రగా మండుతోంది, పొగ మాత్రం లేదు. అంతే, ఒక గోనెడు కట్టెబొగ్గులు కొని, రైల్లో తెచ్చి, స్టేషను నుంచి నెత్తిమీద మోసుకొచ్చాను. దారంతా నాలో నేను లెక్క వేసుకున్నాను. గది పొడవు, వెడల్పు, ఎత్తు. కిటికీ కొలత. పొగే లేనప్పుడు కిటికీతో పనేముంది? దాని గుండా పోయే వెచ్చదనం మిగిలినట్టే కదా. ఇంత తేలిక సంగతి ముప్పై ఏళ్ళుగా మునెమ్మకు ఎందుకు తోచలేదా అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నది గుర్తుంది. మరిచిపోవాలని చూశాను. పోలేదు.

తొమ్మిదో రోజు పొద్దుగూకే వేళ మునెమ్మ బొగ్గుల కుంపటి చూసింది. పక్క ఊళ్ళో ఎవరికో నొప్పులని కబురొస్తే బయలుదేరుతోంది.

“కిటికీ నాలుగు వేళ్ళంత తెరిచిపెట్టయ్యా,” అంది.

“ఇది బొగ్గు మునెమ్మా. పొగ రాదు.”

“పొగ రాకపోతే నిప్పు కాకుండా పోతాదా? కంటికి కనిపించేదే లెక్కనా నీకు? నాలుగు వేళ్ళంత తెరిచిపెట్టు.”

అంటూ తన నాలుగు వేళ్ళూ కలిపి రెక్కకూ చట్రానికీ మధ్య పెట్టి, అంత సందు వదిలిపోయింది.

ఆ రాత్రి పాప ఏడుపు మానలేదని మా అమ్మ దాన్ని వంటింట్లోకి తీసుకుపోయి పొయ్యి దగ్గర పడుకోబెట్టుకుంది. పాప బతికింది అందువల్లే. నేను కుంపటిలో బొగ్గులు సర్ది, పోతూ పోతూ గుమ్మంలో నిలబడ్డాను. వళ్ళెమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“యాడికి పోతావు, ఆ కిటికీ మూసి పో. వీపంతా చల్లంగా ఉండాది,” అంది.

మూశాను. సందుల్లో గోనెపట్టా కుక్కాను.

“ఇప్పుడో?”

“ఇప్పుడు బాగుండాది.”

ఆమె నాతో అన్న ఆఖరి మాట అది. నేను చేసినది ఆమెకు బాగుందని. తలుపు దగ్గరగా వేసి, అరుగు మీద గోనెసంచి కప్పుకుని పడుకున్నాను. గొంగళి ఆమెకే కప్పాను. ఆ రాత్రి మంచు విపరీతం. వణుకుతూనే సంతోషంగా ఉన్నాను. లోపల ఆమె వెచ్చగా ఉందని, అది నా లెక్క వల్లనేనని. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ వణకలేదు.

వెలుగు వచ్చాక వేడినీళ్ళు తీసుకుని అమ్మ లోపలికి పోయింది. చెంబు పడిన చప్పుడు విన్నాను. నేను పోయేసరికి అమ్మ వీధిలోకి పరుగెత్తింది, ఎవరినైనా పిలవడానికి. గదిలో అడుగుపెట్టగానే నా తల తిరిగింది. కణతలు పట్టేసినట్టయింది. అప్పుడే తెలిసింది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చదవలేదు, అయినా తెలిసింది. ఆమెను తాకాను. గొంగళి కింద ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.

అప్పుడు నేనేం చేశానంటే.

ఆమెను ఒళ్ళోకి తీసుకోలేదు. ఏడవలేదు. కిటికీ దగ్గరికి పోయాను. గోనెపట్టా లాగేశాను. కిటికీ తెరిచాను. అంతా కాదు. నాలుగు వేళ్ళ మేర. నా వేళ్ళు పెట్టి కొలిచి మరీ తెరిచాను. కుంపటి పెరట్లోకి తీసుకుపోయి నీళ్ళు పోశాను. ఇదంతా చేయడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం నాకు లెక్క లేదు. నా జీవితంలో నేను కొలవనిది అదొక్కటే.

ఎందుకు చేశాను? ఊరు నన్ను చంపేస్తుందని కాదు. ఎవరూ ఏమీ అనేవారు కాదు, నా మీద జాలిపడేవారు. మరి ఎందుకు? నా లెక్క తప్పిందని నలుగురికీ తెలియకూడదని. ఇంతకంటే మంచి కారణం ఉంటే బాగుండునని ఏడేళ్ళుగా వెతికాను. లేదు.

జనం వచ్చారు. వళ్ళెమ్మ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, పెదవులూ ఎర్రగా ఉన్నాయి, పసుపు రాసి స్నానం చేయించినట్టుంది మొహం. చలికి పోయిన మనిషి అలా ఉండదని ఆడవాళ్ళు అనుకున్నారు. ఇది వేడి. లోపల వేడి పుట్టింది. బాలింత ఒంట్లో అంత వేడి పుట్టించేది ఏముంది? కాయం. కాయంలో మందులు మోతాదు మించాయి. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోతూ ఆ మాట గట్టిపడింది. నేను అక్కడే, స్తంభానికి ఆనుకుని, తల వంచుకుని ఉన్నాను.

మునెమ్మ పక్క ఊరి నుంచి నేరుగా వచ్చింది. అక్కడ బిడ్డను దించి వచ్చిన చేతులు. శవాన్ని చూసింది. మొహంలోకి వంగి చూసింది. తరువాత కిటికీ చూసింది. దగ్గరికి పోయి తన నాలుగు వేళ్ళూ ఆ సందులో పెట్టింది. సరిగ్గా పట్టాయి. నా వైపు తిరిగింది.

“రాత్రంతా ఇట్లనే ఉండిందా అయ్యా?”

“ఉండింది,” అన్నాను.

ఆమె నన్ను అనుమానించలేదు. అదే నాకు పెద్ద శిక్ష. నన్ను నమ్మి, తనను తాను అనుమానించుకుంది. “అట్లయితే నా కాయమే,” అంది, ఎవరితోనూ కాకుండా. ఇంటికి పోయి కాయం జాడీ వీధిలో పగలగొట్టిందని తరువాత విన్నాను. ఆ నెలలో ఇంకో ఇంట్లో పురుడొస్తే ఆమెను పిలవలేదు. పిలిచినా పోయేది కాదనుకుంటాను. ఎండాకాలం రాకముందే కూతురి దగ్గరికి పళవేర్కాడు వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు తిరువళ్ళూరులో ఒక కాంపౌండరుతో మాటల్లో అడిగాను, ఇంకెవరికో జరిగినట్టు. మూసిన గదిలో బొగ్గులు మండిస్తే నిద్రలోనే ప్రాణం పోతుందని, మొహం ఎర్రగా ఉంటుందని, అదే గుర్తు అని చెప్పాడు. పొగ కనిపించదు గాని విషం ఉంటుందన్నాడు. నేను కొలిచిన పొడవు, వెడల్పు, ఎత్తుల్లో అది లేదు.

పాపకు ఏడో ఏడు. నా పక్కనే పడుకుంటుంది. మార్గళిలోనూ కిటికీ తెరిచే ఉంచుతాను. చలి అంటుంది, మూయమంటుంది, తల్లి గొంతే. ఇంకో దుప్పటి కప్పుతాను గాని మూయను. కాళ్ళు చల్లగా ఉంటే నా పిక్కలకు ఆనించుకోమంటాను. ఆనించుకుంటుంది. ఆ కాసేపు నేను ఎవరి కోసం కళ్ళు మూసుకుంటానో మీకు చెప్పనక్కరలేదు.

రెండేళ్ళ కిందట నిజం చెప్పాలనే గట్టిగా అనుకుని, పొన్నేరి మీదుగా బస్సులో పళవేర్కాడు పోయాను. మునెమ్మ ఒక పాక ముందు కూర్చుని రొయ్యలు వలుస్తోంది. చేతి వేళ్ళు పగిలిపోయి ఉన్నాయి. నన్ను చూసి గబగబా లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, బిడ్డ ఎట్లుందని అడిగింది. కడుపునిండా తింటుందా, ఒంట్లో బలంగా ఉందా, అన్నీ అడిగింది. తరువాత మళ్ళీ రొయ్యల ముందు కూర్చుని తనే మొదలుపెట్టింది.

“మిరియాలు ఎక్కువ ఏసినానా, శొంఠి ఎక్కువైనాదా అని ఈనాటికీ చూసుకుంటా ఉంటానయ్యా. ముప్పై ఏండ్లు అదే చెయ్యి, అదే కొలత. యాడ తప్పినానో తెలియలేదు.”

ఆ తప్పు ఎక్కడుందో తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. ఆమెకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. నోటి దాకా వచ్చింది. వచ్చి, ఇంకో మాటగా మారిపోయింది.

“నీ తప్పేం లేదు మునెమ్మా,” అన్నాను.

ఆమె దాన్ని వేరేగా అర్థం చేసుకుంది. నేను క్షమించాననుకుంది. రొయ్యల వాసన కొట్టే ఆ రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది. నేను ఆ దండం తీసుకున్నాను. తీసుకుని, సాయంత్రం బస్సెక్కి వచ్చేశాను.

మీకు చెప్పినందుకు ఏదో విముక్తి దొరుకుతుందని కాదు. చెప్పాల్సిన మనిషి మీరు కాదని నాకు తెలుసు. కిటికీ మూసింది నేనే, తెరిచింది నేనే, ఉండిందని చెప్పింది నేనే అని ఒక్కసారైనా వరుసగా, తప్పు లేకుండా రాయగలనా అని చూశాను. రాయగలిగాను. ఈ పూట ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతవరకే.

మిగిలింది ఒక లెక్క. మునెమ్మ ఊరు విడిచినప్పటి నుంచి మా ఊళ్ళోనూ, ఆమెను పిలిచే మూడు పల్లెల్లోనూ ఎన్ని పురుళ్ళు వచ్చాయో ఇల్లిల్లూ అడిగి కూడిక వేశాను. ఆ బిడ్డలంతా పుట్టగానే ఆమె చేతుల్లో పడి ఉండాల్సినవాళ్ళు. వాళ్ళందరూ నేను ఆమెకు పడిన బాకీ. పోయిన వారానికి నూట ముప్పై ఎనిమిది. నిన్న కుమ్మరివాళ్ళ ఇంట్లో మగబిడ్డ పుట్టాడు.

నూట ముప్పై తొమ్మిది.