ఆ రంగు పూసింది నేను

ఇల్లందు నుంచి అక్క తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అక్క పోయింది. దవాఖానా నుంచి తీస్కొస్తున్నం. రేపు పదకొండుకు చర్చిల ప్రార్థన" అన్నాడు. నేనప్పుడు హైదరాబాదులో ఒక సీరియల్ సెట్లో ఎవరి నుదుటికో ఉత్తుత్తి గాయం అతికిస్తున్నాను. అది ముగించి బస్సెక్కాను.

అక్కంటే నాకు రక్తసంబంధం కాదు. ఆమె సినిమాలకూ టీవీకీ డైరెక్టరు, నేను మేకప్‌మ్యాన్‌ని. యూనిట్ అంతా మేడం అనేవాళ్లు. నాది ఇల్లందు పక్కనే టేకులపల్లి. మొదటిరోజు నా మాట వినగానే "ఏ ఊరురా నీది? మా దిక్కోడివే ఉన్నవ్" అంది. అప్పటినుంచి నాకు అక్కే.

బొగ్గుగని కార్మికుడి కూతురు. "ఆడపిల్లకు డైరెక్షనెందుకు, కాస్ట్యూమ్స్ చూసుకోరాదా" అన్నవాళ్ల దగ్గరే ఏళ్లతరబడి అసిస్టెంటుగా నిలబడి పని నేర్చుకుంది. తీసిన రెండు సినిమాల్లో ఒకటి వారం ఆడింది, రెండోది విడుదలే కాలేదు. తర్వాత సీరియల్స్‌కి వచ్చింది. ఒకే చెంపదెబ్బను మూడు వైపుల నుంచి చూపించమంటే ఆమెకు వెగటు. "ఒక్కసారి కొడితే నొయ్యదా?" అనేది. గుంపులో నిలబడే వాళ్లను సైతం పేరుపెట్టి పిలిచేది. "ఆకలి సీను తీసేనాడు ముందుగాల అందరికి అన్నం పెట్టాలె" అనేది, పెట్టించేది.

ఆమె తీస్తున్న ఒక సీరియల్లో హీరోయిన్‌ను అడవిలోకి ఎత్తుకుపోయే కథ వచ్చింది. చర్ల దాటాక అడవిలో షూటింగ్ పెట్టాం. గుంపుకోసం పక్క గూడెం వాళ్లు వచ్చారు. ఛానల్ తరఫున కారులో వచ్చిన పెద్దమనిషి వాళ్లను చూసి పెదవి విరిచాడు. "వీళ్లు అడవి మనుషుల్లా లేరే. ప్యాంట్లేంటి, సెల్‌ఫోన్లేంటి? నల్లరంగు కొట్టించండి, తలకి ఈకలు పెట్టండి" అన్నాడు.

అక్క కాస్త దూరంగా నిర్మాతతో ఫోన్‌లో ఉంది. నేను ఆమెకోసం ఆగలేదు, డబ్బా మూత తీశాను.

మొదట కూర్చోబెట్టింది ఒక ముసలామెను. ఆమె నా చేతిలోని స్పంజీని చూసి, "నేను నల్లగనే ఉన్న గద బిడ్డా, ఇంకేంది పూసేది?" అని అడిగింది. నేను స్పంజీ రంగులో ముంచి పూశాను.

అక్క తిరిగొచ్చేసరికి పదిమందికి పూసేశాను. కొబ్బరినూనె, దూది తీసుకుని కింద కూర్చుని ముసలామె మొహం తుడవడం మొదలుపెట్టింది. చివరి మొహం దాకా తుడిచాక లేచి, "ఈ సీను నేను తియ్య" అంది. పెద్దమనిషి నవ్వాడు. "మీరు కాకపోతే ఇంకొకరు."

అక్క బస్సెక్కి ఇల్లందు వెళ్లిపోయింది. మర్నాడు ఇంకో డైరెక్టరు వచ్చాడు. అదే రంగు, అవే ఈకలు. పూసింది నేనే. ముసలామె మాత్రం రాలేదు.

ఆ తర్వాత ఏ ఛానలూ అక్కను పిలవలేదు. పెళ్లిళ్ల వీడియోలు, బాప్తిస్మం వీడియోలు తీసి బతికింది. ఒకసారి వాళ్లింట్లో భోంచేస్తూ "అక్కా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "నీకు పిల్లల ఫీజులున్నయ్ గదరా. తిను" అంది. తిట్టి ఉంటే అన్నం దిగేది.

సమాధుల దగ్గర ప్రార్థన ముగిసేసరికి ఆ ఛానల్ వాళ్ల నివాళి వీడియో అందరి ఫోన్లలోకి వచ్చేసింది. అడవి అందాలను తెరకెక్కించిన దర్శకురాలట. కింద ఆమె ఫొటో, పైన ఈకలు పెట్టుకున్న మనుషుల గంతులు. వెంటనే ఛానల్‌కి ఫోన్ చేసి, ఆ సీను ఆమెది కాదని చెప్పాను. "సీరియల్ ఆవిడదే కదా సర్, ఎక్కువమంది చూసిన క్లిప్ అదే" అంది అవతలి అమ్మాయి. ఆ వీడియో ఇంకా తొలగించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ సీను ఆమె తీయలేదు.

ఆ రోజు అక్క తండ్రి కోసం సమాధి పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆయన ఎవరిదో ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ వీడియో ఆసాంతం చూశాడు.

"ఇండ్ల నా బిడ్డ పని ఏది?" అని నన్నడిగాడు.

"లేదు నాయినా. అక్క వద్దని ఎల్లిపోయింది. గా రంగు పూసింది నేను."

ఆయన ఫోన్ ఇచ్చేశాడు. కుర్చీని నా పక్కనుంచి కొంచెం జరుపుకుని, పచ్చిమట్టి వైపు తిరిగి కూర్చున్నాడు. చినుకులు మొదలై అందరూ చర్చి వరండాలోకి పరుగెత్తినా లేవలేదు.